మాస్టారి చార్టులో మూడు ఒకట్లు

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఒకటే: "విరేచనం అయిందా?" గుమాస్తాలని అడిగాను, పొగాకు వ్యాపారులని అడిగాను, ఒకసారి హరికథలు చెప్పే ఆయన్ని కూడా అడిగాను. కొందరు సిగ్గుపడ్డారు, కొందరు కసిరారు. ఒక పెద్దాయన "నా గొడవ నీకెందుకమ్మా?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అయినా మంచం చుట్టూ తిరిగి వెళ్ళి మళ్ళీ అడిగాను. ఎందుకంత పట్టుదలో చెప్పడానికే ఈ కాగితాలు.

మా మేనకోడలు ఈమధ్య నర్సింగ్‌లో చేరింది. నెల తిరక్కుండానే ముఖం వేలాడేసుకుని వచ్చి, "అత్తా, మనుషుల్ని బతికిస్తామని చేరితే ఎవరు ఎన్నిసార్లు దొడ్డికెళ్ళారో రాయమంటున్నారు" అంది. నాకు నవ్వొచ్చింది. దానికి చెప్పబోయేది మరో నలుగురికి కూడా పనికొస్తుందని రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, నా సీనియారిటీకి ఎవరు అడ్డుపడ్డారు లాంటివి ఇందులో ఉండవు. వాటి గురించి మొదలుపెడితే నేను ఆపను, మీరు చదవరు.

ఇప్పుడు ఏ పేపరు తిరగేసినా పేగుల్లో ఉండే సూక్ష్మజీవులకీ మనసుకీ సంబంధం ఉందని రాస్తున్నారు. చదివినప్పుడల్లా నాకు రాయప్ప మాస్టారు గుర్తొస్తారు. ఆయన విషయంలో నేను చేసిన తప్పు కూడా గుర్తొస్తుంది. ముందు ఆ తప్పు పుట్టిన చోటు చెబుతాను.

అరవని గడి

డెబ్బైల్లో బెజవాడలో ఒక ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు నాది. ఆసుపత్రి పేరు రాయను, అందులో పనిచేసిన వాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. భవానీపురంలో ఇంకో ఇద్దరు నర్సులతో కలిసి ఒక గది అద్దెకి తీసుకున్నాం. జీతంలో సగం పైగా ఊరికి పంపేదాన్ని. మా నాన్న కౌలు రైతు, నా తర్వాత ఇంకా ఇద్దరు చదువుకుంటున్నారు. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

మా పెద్ద డాక్టరు పురుషోత్తం గారు. మంచి వైద్యుడు, చెడ్డ నోరు. రౌండ్‌కి వస్తుంటే వార్డులో దగ్గులు కూడా ఆగిపోయేవి. ఆయన కోపంలో ఒక న్యాయం ఉండేది: రోగి మీద అరిచేవారు కాదు, మామీదే అరిచేవారు. "రోగి అబద్ధం చెప్తే వాడికి భయం అనుకుంటాను. మీరు చెప్తే మాత్రం నేను గుడ్డివాణ్ణే" అనేవారు.

ప్రతి మంచం కాళ్ళ దగ్గరా ఒక చార్టు వేలాడుతుంది. జ్వరం, నాడి, మూత్రం, విరేచనం. జ్వరమూ నాడీ నిజంగానే చూసి రాసేవాళ్ళం. విరేచనం గడిలో మాత్రం 'ఒకటి' అని వేసుకుంటూ పోయేవాళ్ళం. నేను చేరిన వారంలోనే ఒక సీనియర్ నాకు ఈ విద్య నేర్పింది. "గడి ఖాళీగా ఉంటే డాక్టర్ గారు అరుస్తారే. ఒకటి వేసెయ్, ఎవరూ అరవరు" అంది. మనిషన్నాక రోజుకోసారి వెళ్ళకుండా ఉంటాడా, అందులో అబద్ధం ఏముంది అనుకున్నాను. అలా ఎన్ని వందల ఒకట్లు వేశానో దేవుడికే తెలియాలి.

హాజరు

ఈస్టర్ పండుగ వెళ్ళిన మంగళవారం పొద్దున, అద్దె కారులో ఒకాయన్ని తీసుకొచ్చారు. చేతులు రెండూ తువ్వాలుతో కట్టేసి ఉన్నాయి. పక్కన ఒక బక్కపలచటి ఆవిడ, ఒక పొడుగాటి మనిషి. ఆవిణ్ణి చూడగానే గుర్తుపట్టాను, మా మాస్టారి భార్య. లూర్దమ్మగారు. అంటే ఆ కట్టేసిన మనిషి రాయప్ప మాస్టారు.

చల్లపల్లి దగ్గర మా ఊళ్ళో చర్చి బడి ఉంది. అందులో నాకు లెక్కలు చెప్పింది ఆయనే. ఆడపిల్లకి ఎక్కాలెందుకని మా నాన్న బడి మాన్పిస్తే, ఇంటికొచ్చి అరుగుమీద కూర్చుని నాన్న ఒప్పుకునేదాకా లేవలేదాయన. నేను నర్సునయ్యానంటే ఆ సాయంత్రం చలవే. అలాంటి మనిషి మంచం మీద కూర్చుని, ఎదురుగా ఉన్న రోగులని చూస్తూ హాజరు పిలుస్తున్నారు.

"ఇన్నయ్య... చిన్నప్ప... శౌరమ్మ... ఫిలోమినా."

"వచ్చాను మాస్టారూ" అన్నాను దగ్గరికెళ్ళి.

నా ముఖంలోకి చూశారు. కాసేపు వెతికారు. "ఫిలోమినా రాలేదు" అని గాల్లో వేలితో గీత గీశారు.

పొడుగాటాయన లూర్దమ్మగారి తమ్ముడు శౌరయ్య. డాక్టర్ గారితో ఆయనే మాట్లాడాడు. "మూడేళ్ళ నించీ ఇదే వరసండీ. నాల్రోజులు బాగానే ఉంటాడు, నాల్రోజులు మనిషి కాడు. పగలు నిద్ర, రాత్రి తిరుగుడు. నిన్న చొక్కా కూడా లేకుండా కాలవలోకి దిగిపోతుంటే లాకుల కాపలా లస్కరు పట్టుకున్నాడు. ఊరంతా గాలి సోకిందంటన్నారు. నేను పిచ్చే అంటన్నా. విశాఖపట్నం పంపించండి."

"అక్కడికొద్దు బాబుగారూ" అంది లూర్దమ్మగారు. "బళ్ళో పిల్లల్ని ఇప్పటికే మాన్పిస్తన్నారు. పిచ్చాసుపత్రి కాయితం ఒక్కటి వచ్చిందంటే ఫాదర్ గారు కూడా ఏం చెయ్యలేరు. మళ్ళీ మాస్టారుగా ఇంటికి రాడు ఆయన."

మంగళవారం, బుధవారం, గురువారం

డాక్టర్ గారు పైనుంచి కిందదాకా చూశారు. కళ్ళలో పసుపు లేదు, పొట్టలో నీరు లేదు. ప్లీహం కొంచెం చేతికి తగిలింది. మలేరియా తిరిగే మా వైపు అది పెద్ద విశేషం కాదు. రక్తంలో చేయించగలిగిన పరీక్షలు చేయించారు, జబ్బు దేనికీ దొరకలేదు. గురువారం రౌండ్‌లో, ఎప్పుడైనా పచ్చకామెర్లు వచ్చాయా అని అడిగారు. ఏడెనిమిదేళ్ళ కిందట వచ్చాయనీ, పసరు మందుతో తగ్గాయనీ లూర్దమ్మగారు చెప్పింది. డాక్టర్ గారు ఒక్క క్షణం ఆగి నావైపు తిరిగారు.

"మోషన్ అవుతోందా సిస్టర్?"

"అవుతోంది సార్. రోజుకొకటి."

ఇక్కడ నిజం చెప్పాలి. మిగతా రోగులకి ఆ ఒకటి బద్ధకంతో వేసేదాన్ని. మాస్టారికి వేసింది బద్ధకంతో కాదు, సిగ్గుతో. నాకు కూడికలు నేర్పిన మనిషిని, ఎదురొస్తే నేను అరుగు దిగి నిలబడే మనిషిని, "మాస్టారూ, విరేచనం అయిందా?" అని ఎలా అడగను? మతి సరిగా లేదు గదా, అడిగినా చెప్పరు గదా అని కూడా నాకు నేను చెప్పుకున్నాను. పక్కనే ఉన్న భార్యని అడగొచ్చుగా? అడగలేదు. మంగళవారం ఒకటి, బుధవారం ఒకటి, గురువారం ఒకటి. గౌరవం అనుకున్నాను. మనిషి ప్రాణం మీదికి తెచ్చే గౌరవం ఎవరికి కావాలి?

బుధవారం పెద్దగా కేకలేస్తుంటే చిన్న మత్తు ఇంజక్షన్ ఇచ్చాం. గురువారం మధ్యాహ్నం దాకా కళ్ళు తెరవలేదు. "ఈ డోసుకి ఇంతసేపా?" అని డాక్టర్ గారు తనలో తను అనుకోవడం విన్నాను. కానీ శౌరయ్య తొందర పెడుతున్నాడు, పక్క మంచాల వాళ్ళు భయపడుతున్నారు. చివరికి డాక్టర్ గారు విశాఖపట్నానికి ఉత్తరం రాశారు. శుక్రవారం మధ్యాహ్నం బండికి ప్రయాణం.

నా అంకె వల్లే ఆయన దారి తప్పారని అనను. ఆయన మనసులో ఏముందో నాకేం తెలుసు? కానీ సరైన దారి ముందు నేనొక తడిక కట్టానన్నది నిజం.

దెయ్యాలకి వారాలుంటాయా?

గురువారం సాయంత్రం డ్యూటీ దిగి వెళ్ళబోతుంటే వరండాలో లూర్దమ్మగారు ఒక్కతే కూర్చుని ఉంది. శౌరయ్య టిక్కెట్లకి వెళ్ళాడు. పక్కన కూర్చున్నాను. ఆవిడ అంది:

"ఒక మాట అడుగుతా, నవ్వమాక ఫిలోమీ. దెయ్యాలకి వారాలుంటాయా?"

"అదేంటమ్మగారూ?"

"ఆదివారం పూజకెళ్ళొస్తాడు. శుభ్రంగా భోంచేస్తాడు. చీకటి పడేసరికి మాట మారుద్ది. సోమవారం మనిషి మనిషి కాదు. బుధవారం, లక్ష్మివారం వచ్చేసరికి మళ్ళా మాస్టారే. ప్రతి వారం కాదుగానీ, వచ్చినప్పుడల్లా ఇంతే. పూజకెళ్ళొచ్చినాకే ఎందుకు రావాల? దేవుడికి మామీద ఏం కోపం?"

ఆవిడే మళ్ళీ అంది. "ఈస్టర్ పండగ ముందు తపస్సు కాలం నలభై రోజులూ ఒక్కసారన్నా రాలా. ఉపవాసంతో పోయిందనుకున్నా. గుణదల కొండెక్కి కొవ్వొత్తి వెలిగించొచ్చా. పండగ పూట మళ్ళా వచ్చిపడింది."

"ఆ నలభై రోజులూ ఏం తినేవారు?"

"మనం తినేదేగా, పప్పూ, కూరగాయలూ, మజ్జిగ. కుదిరినప్పుడల్లా ఆదివారం తెచ్చుకునే మాంసం గూడా ముట్టం గదా, గుడ్డూ అంతే. మనిషి చిక్కిపోయాడని పండగనాడు నేనే కొసరి కొసరి పెట్టా. వేటమాంసం, మళ్ళా కోడికూర. వద్దంటన్నా వడ్డించా." చెంగుతో ముక్కు తుడుచుకుంది. "అరిగిందో లేదో కూడా తెలవదు. పండగ కాడ్నించీ దొడ్డికెళ్ళిందే లేదు."

"ఏమన్నారు?"

"వెళ్ళలేదంటన్నా. నలభై రోజులూ తెల్లారేసరికి చెంబు పట్టుకుని పోయేవాడు. పండగ కాడ్నించీ అసలు లేదు. మీకు తెలుసు గదా, రాసుకుంటన్నారుగా!"

రాసుకున్నాం. అందంగా రాసుకున్నాం. అక్కణ్ణించి లేచాను.

డాక్టర్ గారి గదిదాకా వరండా పెద్ద పొడవేం కాదు. కానీ నడుస్తుంటే మా నాన్న, తమ్ముళ్ళ ఫీజులు, ఉద్యోగం పోయిందని ఊళ్ళో చెప్పుకునే మాటలు అన్నీ కళ్ళముందు తిరిగాయి. వెనక్కి తిరిగి చార్టు దిద్దేసి ఊరుకుందామా అని కూడా అనిపించింది. అబద్ధం ఆడను, అనిపించింది.

"సార్, మాస్టారి చార్టులో ఒకట్లు నేను ఊరికే వేశాను. ఆయనకి ఐదు రోజుల నించీ విరేచనం లేదట."

పెన్ను కింద పెట్టారు. అరుస్తారనుకున్నాను, అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఆ కాలమ్ ఎందుకు పెట్టామనుకున్నావ్ సిస్టర్, అలంకారానికా?"

"తప్పయింది సార్. ఇంకోటి కూడా ఉంది." ఆదివారం మాంసం, నలభై రోజుల పప్పూ మజ్జిగా, పండుగ భోజనం, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాను. నేను సగంలో ఉండగానే ఆయన లేచి వార్డుకి నడవడం మొదలుపెట్టారు.

గండి

మాస్టారి రెండు చేతులూ బస్సుని ఆపుతున్నట్టు ముందుకి చాపించి, నన్ను మోచేతుల దగ్గర పట్టుకోమన్నారు. కాసేపు నిలిచాయి. తర్వాత మణికట్లు ఉండుండి కిందికి వాలుతూ, మళ్ళీ లేస్తూ కొట్టుకున్నాయి. "ఇటు వంగు. ఊపిరి వాసన చూడు" అన్నారు. ఒకరకమైన తియ్యటి, ముక్కిపోయిన వాసన. మూడు రోజుల నించీ ఉన్న వాసనే, ఆసుపత్రి వాసన అనుకున్నాను.

"పుస్తకంలో చదివాను. ఎదురుగా పెట్టుకుని చూడలేకపోయాను" అన్నారు డాక్టర్ గారు. ఆ మాట ఆయన మా అందరి ముందూ అన్నారు. అప్పట్లో అలా ఒప్పుకునే డాక్టర్లని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, ఇప్పటి సంగతి మీరే చెప్పాలి.

లూర్దమ్మగారికి ఆయన విడమరిచి చెప్పారు. "చూడమ్మా, పేగుల్లో కంటికి కనపడని క్రిములు అందరికీ ఉంటాయి, నాకూ ఉన్నాయి. మనం తిన్నదాంట్లో మిగిలింది, ముఖ్యంగా మాంసం లాంటిది, అవి కుళ్ళబెడతాయి. అందులోంచి విషం పుడుతుంది. మామూలుగా ఆ రక్తమంతా కాలేయంలోంచి వడగట్టుకుని పోతుంది. మీ ఆయన కాలేయం ఆ కామెర్లప్పుడే దెబ్బతింది. మీ ఊళ్ళో కాలవకి గండి పడితే నీళ్ళు లాకు దాకా పోకుండా పక్కనించి పోతాయి గదా, అలా ఆ విషం కాలేయాన్ని తప్పించుకుని తలకెక్కుతోంది. విరేచనం కాకపోతే లోపలే ఊరి ఇంకా ఎక్కువ పుడుతుంది."

"అయితే దెయ్యం కాదా బాబుగారూ?"

"దెయ్యమూ కాదు, పిచ్చీ కాదు. మీరు ప్రేమగా వడ్డించిన కూర." వెంటనే నాలిక కరుచుకున్నారు. ఆవిడ ముఖం పాలిపోయింది. "మీ తప్పు కాదమ్మా. తెలియాల్సింది మాకు" అన్నారు.

ఎనిమా ఇవ్వమన్నారు. సబ్బు నీళ్ళు వద్దు, ఉత్త గోరువెచ్చని ఉప్పు నీళ్ళతో. పేగుల్లో క్రిములని తగ్గించే మాత్రలు రాశారు. మాంసం, గుడ్డు, మత్తు మందులు బంద్. ఎనిమా ఎవరు ఇవ్వాలో కూడా చెప్పారు. "నువ్వే ఇవ్వాలి."

ఇచ్చాను. ఒక్క ప్రశ్న అడగలేని దాన్ని, ఆ సాయంత్రం అంతకంటే చాలా చేశాను. ఆ గది వాసన వర్ణించను, వర్ణిస్తే ఈ కాగితాలు పక్కన పడేస్తారు. కానీ బాల్చీలు మోస్తుంటే నాకు అసహ్యం వేయలేదు. దొంగ సొత్తు తిరిగి ఇచ్చేస్తున్నట్టు అనిపించింది. రాత్రి డ్యూటీ వాళ్ళకి ఇంకోసారి ఇవ్వమని చెప్పి, చార్టులో మూడు ఒకట్లూ కొట్టేసి, పక్కన సంతకం పెట్టి వెళ్ళాను.

శుక్రవారం పొద్దున టిక్కెట్లతో శౌరయ్య వచ్చాడు. సంగతి విని మండిపడ్డాడు. "కడుపు కడిగితే పిచ్చి పోద్దా? రేపు మళ్ళా కాలవలో పడితే మీరొస్తారా?" డాక్టర్ గారు ఉత్తరం ఆయన చేతికివ్వలేదు. ఒక్క రోజు గడువడిగారు. బండి వెళ్ళిపోయింది. ఆ రోజంతా మాస్టారు నిద్రలోనే ఉన్నారు. నేను గంటకోసారి వెళ్ళి చూశాను. బండికి పంపేసినా బాగుండేదేమో, ఇక్కడే ఏమన్నా అయితే ఎలా అని ఒకటే భయం.

శనివారం పొద్దున నేను వార్డులోకి అడుగు పెట్టేసరికి మాస్టారు దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. కళ్ళజోడు అడిగి పెట్టించుకున్నారట.

"ఏమ్మా ఫిలోమినా, నువ్విక్కడ చేస్తున్నావా? నాన్న బాగున్నాడా?"

తలూపి, దుప్పట్లు పెట్టే గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. ఏడుపు కాదది, హమ్మయ్య అనుకోవడం. మంగళవారం నించీ బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలితే ఎలా వస్తుందో అలా వచ్చింది. బయటికొచ్చేసరికి శౌరయ్య మంచం పక్కన నిలబడి, బావ అడుగుతున్న పొలం సంగతులకి బుద్ధిగా జవాబులు చెబుతున్నాడు.

ఖాళీ గడి

డాక్టర్ గారు పై అధికారులకి నామీద రాయలేదు. కానీ నెల రోజులు, ప్రతి రౌండ్‌లోనూ, అందరి ముందూ, వార్డులో ముప్పై మంచాల విరేచనం గడులు నాచేత పైకి చదివించారు. అంతకంటే ఉద్యోగం తీసేస్తే నయమనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన నాకిచ్చిన ట్రైనింగ్ అదే.

అసలు దెబ్బ మాత్రం మాస్టారిది. వెళ్ళిపోయే ముందు రోజు ఆయన చార్టు అడిగి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని చదివారు. కొట్టేసిన ఒకట్ల దగ్గర ఆగారు.

"ఇది నీ చేతిరాతే గదమ్మాయ్?"

"అవును మాస్టారూ." అంతా చెప్పాను. సిగ్గు సంగతి కూడా.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "లెక్క రాకపోతే ఏం చెయ్యమన్నాను?"

"ఖాళీ వదిలెయ్యమన్నారు."

"ఖాళీ వదిలితే నీకు రాదని నాకు తెలుస్తుంది, వచ్చి చెబుతాను. ఏదో ఒక అంకె వేస్తే వచ్చనుకుని పక్క పిల్ల దగ్గరికి పోతాను." చార్టు నా చేతికిచ్చేశారు.

నర్సింగ్ పుస్తకాలు చాలా చదివాను. ఇంతకంటే పనికొచ్చే ముక్క ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మీ వార్డులో తెలియనిది తెలిసినట్టు రాసేవాళ్ళు, అలా రాయమని నేర్పేవాళ్ళు తప్పకుండా ఉంటారు. వాళ్ళతో స్నేహంగా ఉండండి, టీ తాగండి, కానీ ఆ విద్య మాత్రం నేర్చుకోవద్దు.

ఎనిమా భక్తి

దీని తర్వాత నాకొక పిచ్చి పట్టిందని కూడా ఒప్పుకోవాలి. దిగులుగా ఉన్నా, మాట్లాడకపోయినా, అరిచినా, ఎవరికైనా సరే కారణం కడుపులోనే ఉందని వాదించేదాన్ని. మా మేట్రన్ సలోమీ గారు, "దీని చేతికి ఎనిమా డబ్బా ఇచ్చి వదిలితే బెజవాడంతా బాగుపడుద్ది" అని ఎగతాళి చేసేవారు.

నవ్వులాటగానే ఉండేది, ఒక్కసారి తప్ప. ఇబ్రహీంపట్నంలో కరెంటు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. అక్కడి పనికొచ్చిన ఒక మేస్త్రీ తిండి మానేసి గోడకేసి చూస్తూ ఉండేవాడు. మలబద్ధకం ఉంది, ఇంకేం కావాలి నాకు? పది రోజులు పళ్ళూ మజ్జిగా అంటూ వాళ్ళ వాళ్ళకి ధైర్యం చెప్పాను. నిజానికి అతనిది మనసు జబ్బే. మలబద్ధకం తిండి మానడం వల్ల వచ్చింది, నేను బండికి వెనక ఎద్దుని కట్టాను. మనసు డాక్టరు మందులిచ్చాక కోలుకున్నాడు. ఆ పది రోజులు అతను పడ్డ బాధ నా ఖాతాలోదే.

అందుకే ఇప్పుడు పేపర్లో పెరుగు తింటే దిగులు పోతుందని చదివితే నాకు భయం వేస్తుంది. పేగులకీ మనసుకీ దారి ఉంది, నేను కళ్ళారా చూశాను. ఆ దారిలో ఏమేం నడుస్తాయో పెద్ద పెద్ద వాళ్ళే ఇంకా వెతుకుతున్నారు. నర్సు పని అడగడం, చూడడం, చూసింది చూసినట్టు రాయడం. మందులు ఆపమని చెప్పడం మన పని కాదు. మాస్టారికి మాంసం మానిపించిన పద్ధతి కూడా ఇప్పుడు మారిందట, అలా పూర్తిగా మానిపిస్తే మనిషి నీరసించిపోతాడని ఈనాటి డాక్టర్లు అంటున్నారు. కాబట్టి నేను రాసింది చూసి ఎవరికీ పథ్యం చెప్పొద్దు.

ఫాదర్ గారు చదివిన కాగితం

మాస్టారు ఇంటికెళ్ళే రోజున లూర్దమ్మగారు డాక్టర్ గారి ముందు నిలబడి కదలలేదు.

"పిచ్చి కాదని ఒక కాయితం రాసివ్వండి బాబుగారూ."

"అలాంటి సర్టిఫికెట్ ఉండదమ్మా. పిచ్చి ఉందని రాయడానికి ఫారం ఉంది. లేదని రాయడానికి లేదు."

"అయితే ఫారం లేకుండానే రాయండి. ఆయన బాగయ్యాడని నాకు తెలిస్తే చాలదు గదా. ఊరికి తెలవాల."

డాక్టర్ గారు నావైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. ఆయన తన పేరున్న కాగితం తీసి, వంకర టింకర అక్షరాలతో తెలుగులో రాశారు. మందుల చీటీలూ ఆసుపత్రి ఉత్తరాలూ తప్ప ఆయన చేత్తో రాయగా నేనెప్పుడూ చూడలేదు, అందులోనూ తెలుగు. రెండు చోట్ల నన్నడిగి ఒత్తులు సరిచేసుకున్నారు.

తర్వాత జరిగింది నేను చూడలేదు, మాత్రల కోసం వచ్చినప్పుడు లూర్దమ్మగారే చెప్పింది. ఆ కాగితం తీసుకెళ్ళి ఫాదర్ గారికిచ్చి, ఆదివారం పూజ అయ్యాక ప్రకటనల్లో చదవమని అడిగింది. ఆయన చదివి చూసుకుని, ఇది గుళ్ళో చదవాల్సింది కాదేమో అని నసిగారట. "గాలి సోకిందని చెప్పుకున్నది గుడి వాకిట్లోనేగా ఫాదర్, ఇది కూడా అక్కడే చెప్పండి" అందట ఈవిడ.

పెళ్ళి ప్రకటనలూ చందాల వివరాలూ అయ్యాక ఫాదర్ గారు గొంతు సవరించుకుని చదివారు. "రాయప్ప మాస్టారికి పిచ్చి లేదు. దెయ్యం లేదు. కాలేయం బలహీనమైనందువల్ల పేగుల్లో పుట్టిన విషం తలకెక్కి అలా ప్రవర్తించారు. రోజూ విరేచనం సాఫీగా అయి, చెప్పిన పథ్యం పాటిస్తే ఆయన మీలో ఎవరికీ తీసిపోరు."

మాస్టారు ప్రార్థన పుస్తకంలో ముఖం దాచుకున్నారట. అంతలో ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలావిడ గొంతు: "ఆ కడుపు కడిగేదేదో మా ముసలాయనకి కూడా ఒకసారి చేయించండి ఫాదరూ, ముప్పై ఏళ్ళ నించీ ఇట్టాగే ఉన్నాడు!" గుడి గుడంతా ఘొల్లుమందట. ఫాదర్ గారు కూడా వెనక్కి తిరిగి నవ్వుకున్నారట. చివరికి మాస్టారు పుస్తకం దించి, ఆయనా నవ్వారట. మూడేళ్ళుగా ఆయన కనపడితే పిల్లల్ని ఇంట్లోకి లాక్కున్న వాళ్ళు, బయట ఆయన చుట్టూ మూగి, మా అమ్మకి కడుపుబ్బరం మాస్టారూ, మా వాడికి అరగడం లేదు మాస్టారూ అని మొదలుపెట్టారట.

ఆ ఆదివారం వాళ్ళింట్లో గుత్తివంకాయ వండుకున్నారు.

"మర్నాడు సోమవారం గదమ్మా" అని చెప్పింది లూర్దమ్మగారు. "పొద్దున్నే చొక్కా తొడుక్కుని బడికెళ్ళాడు. నాకు ఇంట్లో నిలవబుద్ధి కాలా. వెనకాలే పోయి బడి అరుగుమీద కూర్చున్నా. మాన్పించిన పిల్లలు కూడా వచ్చారు. లోపల్నించి హాజరు పిలుస్తుంటే ఒక్కొక్క పేరూ విన్నా. ఒక్కటి తప్పు పోలా ఫిలోమీ. మధ్యాహ్నం గంట కొట్టిందాకా అక్కడే కూర్చున్నా. అప్పుడు ఇంటికెళ్ళి, చాప కూడా పరుచుకోకుండా గచ్చుమీద పడి నిద్రపోయా. ఆయనే సాయంత్రం బడి నించి వచ్చి, అన్నం వండి, నన్ను లేపాడు."